నల్ల గుండ: గరివిడి మాంగనీసు, పిల్లల ఒళ్లు, రాయని చరిత్ర

మన జిల్లా చరిత్ర అనగానే విజయనగరం కోట, బొబ్బిలి యుద్ధం, సంగీత కళాశాల, గురజాడ యిల్లు గుర్తుకొస్తాయి. బడి పుస్తకాలూ అవే చెబుతాయి. గరివిడి పేరు ఎక్కడన్నా వస్తే ఒక్క వాక్యంలో వస్తుంది: ‘యిక్కడ మాంగనీసు దొరుకుతుంది.’ దొరుకుతుంది అన్న మాట దగ్గరే మా పేచీ. దారిలో పడున్న డబ్బులు దొరుకుతాయి. భూమిలో వున్న రాయి దానంతటది దొరకదు. దాన్ని ఎవరో తవ్వాలి, సుత్తితో కొట్టాలి, మంచిదీ చెడ్డదీ ఏరాలి, తట్టకెత్తుకుని మొయ్యాలి. ఆ పని చేసినోళ్లని ఆ ఒక్క వాక్యం మింగేసింది. వాళ్ల పక్కనే, ఆ గుండలోనే, ఆడుకుంటూ పెరిగిన పిల్లల్నయితే ఎవరూ తలవనే లేదు.

మేం రాస్తున్నది ఆ పిల్లల గురించి. యిది వైద్య నివేదిక కాదు, ఏ ఒక్క కంపెనీ మీదో తీర్పూ కాదు. లోహం మనిషి ఒంట్లో విషమవుతుందన్న సంగతి ప్రపంచానికి ఎప్పుడు తెలిసింది, ఎవరి ఒంట్లో తెలిసింది, ఎవరి ఒంట్లో తెలిసినా లెక్కలోకి రాలేదు – యిదీ మా ప్రశ్న. యివాళ ఎలక్ట్రానిక్ చెత్తలోంచి వచ్చే సీసం పిల్లల మెదడుని ఏం చేస్తుందో లోకమంతా మాట్లాడుతోంది. మాట్లాడాలి కూడా. కానీ ఆ సీసం కథ, మన మాంగనీసు కథ వేరు వేరు కాదు. రెండింటిలోనూ పెద్దవాడి జబ్బుకి చట్టంలో చోటు దొరికింది. పిల్లల జబ్బుకి దొరకలేదు. రెండింటిలోనూ కులం అనే గడి పట్టికలో లేదు.

1. రాయికి పేరుంది, మోసినోళ్లకి లేదు

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మన దగ్గరే. అప్పటి మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో, కోడూరు దగ్గర 1892లో తవ్వారు. 1895లో విజయనగరం మైనింగ్ కంపెనీ ఏర్పడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1893–96 మధ్య, తూర్పు కోస్తా రైలుమార్గం వేశారు. అది గరివిడి, చీపురుపల్లి మీదుగానే వెళ్లింది. రాయి, రైలు, ఓడ – మూడూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఉక్కు గట్టిపడాలంటే మాంగనీసు కావాలి. యింగ్లండులో, అమెరికాలో పెరుగుతున్న ఉక్కు కార్ఖానాలకి కోడూరు, గర్భాం, పేరాపి, దేవాడ, గరివిడి నేలలు అవసరమయ్యాయి. 1933లో తెరిచిన విశాఖ రేవు కూడా ముఖ్యంగా మధ్య పరగణాల మాంగనీసుని ఓడలకెక్కించడం కోసం కట్టిందే.

1909లో భూగర్భ సర్వే శాఖకి చెందిన ఫెర్మర్ అనే దొర భారతదేశపు మాంగనీసు నిక్షేపాల మీద వెయ్యి పేజీలకి మించిన గ్రంథం రాశాడు. మన గనులన్నీ అందులో వున్నాయి. కోడూరు పేరు మీద ఒక జాతి రాయికి ‘కోడురైటు’ అని పేరు పెట్టాడు. నాగపూరు దగ్గర బెల్డోంగ్రిలోనూ మన గరివిడిలోనూ కనిపించిన ఒక ఖనిజానికి ‘వ్రెడెన్‌బర్గైటు’ అని పేరు పెట్టాడు. అది ఆయన తోటి ఉద్యోగి, ఎర్నెస్ట్ వ్రెడెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడి పేరు. గరివిడి భూమిలోంచి తీసిన రాయి ఒక యూరోపియన్ పేరుతో ప్రపంచం మ్యూజియాలకి వెళ్లింది. ఆ రాయిని గొయ్యిలోంచి పైకి మోసుకొచ్చిన ఆడమనిషి పేరు దాని పక్కన లేదు. ఫెర్మర్ విద్వత్తుని మేం తక్కువ చెయ్యడం లేదు. ఆ విద్య దేన్ని చూసిందో, దేన్ని చూడలేదో చెబుతున్నాం.

తరవాత కథ దగ్గరిది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు యీ ప్రాంతం అందులోకి పోయింది. 1979లో విజయనగరం జిల్లా వచ్చాక యిందులోకొచ్చింది. 1955లో ఏర్పడిన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్ గరివిడి దగ్గర శ్రీరామ్‌నగర్లో ఫర్నేసులు పెట్టింది. అంతవరకూ రాయిగా వెళ్లిపోయిన మాంగనీసు యిక్కడే కరిగి ఫెర్రో మాంగనీసు కావడం మొదలైంది. దేశానికి స్వంత ఉక్కు కావాలన్న నెహ్రూ కాలపు కల అది. ఆ కలలో చాలామందికి జీతం దొరికింది. పొలం లేనోళ్లకి ఫ్యాక్టరీ గేటు ఒక దారి చూపింది. యిది కాదనడం అబద్ధమవుతుంది. భూస్వామి కళ్లంలో చేతులు కట్టుకు నిలబడ్డం కంటే గేటు దగ్గర టోకెను తీసుకోవడం గౌరవమనిపించింది. అందుకే యీ చరిత్ర రాయడం కష్టం. అన్నం పెట్టిన చేతి మీద గుండ కూడా వుంది.

2. పట్టికలోంచి మాయమైన గడి

గనుల ముఖ్య తనిఖీ అధికారి ఏటా వేసిన పాత నివేదికల్లో కూలీల లెక్క మూడు గళ్లలో వుండేది: మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. 1923 గనుల చట్టం 13 ఏళ్ల లోపు పిల్లల్ని గని పనిలో పెట్టకూడదంది. 1935 సవరణ ఆ వయసుని 15కి పెంచింది. మంచి చట్టాలే. కానీ పిల్లల పని నిషేధించగానే పట్టికలో పిల్లల గడికి పనిలేకుండా పోయింది. గడి పోయింది, పిల్లలు పోలేదు. తల్లి తట్ట మోస్తుంటే చంటిబిడ్డ ఎక్కడుంటాది? యింటికాడ చూసేవాళ్లుంటేనే కదా యింటికాడ వుండేది.

చట్టానికి యీ సంగతి తెలుసు. తెలుసని చెప్పడానికి మా దగ్గర సాక్ష్యం చట్టమే. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిలులో కార్మిక శాఖ డాక్టర్ అంబేద్కర్ చేతిలో వుంది. దేశంలో పరిశ్రమల వారీగా కూలీల బతుకుని పరిశీలించిన రేగే కమిటీని వేసింది ఆ రోజుల్లోనే, 1944లో. గనుల దగ్గర పనిచేసే తల్లుల పిల్లల కోసం శిశుగృహాల నిబంధనలు 1946లో వచ్చాయి. తరవాత 1952 గనుల చట్టం 58వ సెక్షను ఆడవాళ్లు పనిచేసే గనుల్లో ఆరేళ్ల లోపు పిల్లల కోసం తగిన గదులుంచాలని నిబంధనలు చేసే అధికారం యిచ్చింది. అదే చట్టం 45వ సెక్షను పిల్లలు భూగర్భంలోగానీ, పని జరుగుతున్న బయటి గోతుల్లోగానీ వుండకూడదంది.

యీ రెండు సెక్షన్లూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి పిల్లలు గోతిలో వుండకూడదంటుంది. ఇంకొకటి వాళ్లు గోతి గట్టు మీద వుంటారని ఒప్పుకుని గది కట్టమంటుంది. ఆ గది అవసరమని గుర్తించడం చిన్న సంగతి కాదు. కూలి తల్లిని తల్లిగా చూసిన చట్టాలు మన దేశంలో ఎన్ని వున్నాయి? కానీ ఆ గది గాలిలో ఏముందో అడిగే సెక్షను లేదు. బిడ్డ జారిపడుతుందని, లారీ కింద పడుతుందని భయపడ్డారు. బిడ్డ ఊపిరి పీల్చుకుంటుందని అనుకోలేదు.

3. జబ్బుకి ఎవరి ఒంట్లో పేరు పెట్టారు

మాంగనీసు విషమని లోకానికి ఫెర్మర్ పుస్తకం కంటే 72 ఏళ్ల ముందే తెలుసు. 1837లో జాన్ కూపర్ అనే వైద్యుడు స్కాట్లండులోని గ్లాస్గోలో ఒక రసాయన కార్ఖానాలో నల్ల మాంగనీసు రాయిని పొడిచేసే కూలీల్ని చూశాడు. వాళ్ల కాళ్లు బలం తప్పాయి. నిలబడితే ముందుకు తూలిపోయేవారు. మాట సన్నగిల్లింది. ఐదుగురి గురించి రాశాడు. ఆ జబ్బుని తరవాత ‘మాంగనిజం’ అన్నారు. చూడ్డానికి పార్కిన్సన్ జబ్బులాగే వుంటుంది. అంటే కోడూరులో మొదటి గునపం పడే రోజుకి యీ సంగతి వైద్య పత్రికల్లో 55 ఏళ్ల పాతది.

మన దేశంలో చట్టాలు కూడా దాన్ని గుర్తించాయి. 1923 కార్మిక నష్టపరిహార చట్టంలోనే సీసం విషాన్ని పనివల్ల వచ్చే జబ్బుగా రాశారు. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో మొదటి పేరు సీసం విషం, ఐదో పేరు మాంగనీసు విషం. గనుల చట్టం కింద ప్రకటించిన జబ్బుల్లో ‘నరాలకు సోకే మాంగనీసు విషం’ వుంది. కూలి మనిషికి ఆ జబ్బొస్తే డాక్టరు పై అధికారులకి తెలియజెయ్యాలి. కాగితం మీద యింత వుంది.

కానీ యీ కాగితాలన్నీ ఒక షరతు మీద నడుస్తాయి. జబ్బు పడ్డవాడి పేరు మస్టరు రోలులో వుండాలి. గేటు లోపల పీల్చిన గుండ జబ్బు అవుతుంది. అదే గుండ గోడ దాటి పేటలో పడితే జబ్బు కాదు, వాతావరణం. నాన్న చొక్కాకంటుకుని యింటికొచ్చిన గుండకి షెడ్యూలు లేదు. ఆ చొక్కా ఉతికిన అమ్మకి లేదు. ఆ చొక్కా పట్టుకుని వేలాడిన గుంటడికి అసలే లేదు. కాంట్రాక్టు కూలీకయితే మస్టరు కూడా వుందో లేదో.

సీసం విషయంలో పిల్లల సంగతి బయటపడింది కూడా యిలా ఆలస్యంగానే. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరంలో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు 1904లో పిల్లల జబ్బుకి కారణం వరండా కటకటాలకేసిన సీసం రంగు అని రాశాడు. ఆ రంగుమీద అక్కడ చట్టం రావడానికి 1922 దాకా పట్టింది. 1979లో అమెరికాలో హెర్బర్ట్ నీడిల్‌మన్ పిల్లల ఊడిన పాలపళ్లు పోగుచేసి వాటిలో సీసం కొలిచాడు. పైకి ఏ జబ్బూ కనపడని పిల్లలు వాళ్లు. సీసం ఎక్కువున్న పిల్లలు పరీక్షల్లో వెనకబడ్డారు. వాళ్ల టీచర్లని అడిగితే, ఆ పిల్లలు కుదురుగా వుండరని, చెప్పింది వినరని రాశారు. ఆ టీచర్లకి పళ్లలో ఎంత సీసముందో తెలీదు.

ఉపాధ్యాయ మిత్రులు యిక్కడ ఒక్క క్షణం ఆగాలి. ‘ఆ పేట పిల్లలకి చదువెక్కదు’ అన్న మాట మనం ఎన్ని స్టాఫ్ రూముల్లో వినలేదు? కులం అంటారు, తాగుబోతు తండ్రి అంటారు, సంస్కారం లేదంటారు. ఒకే గదిలో కూచున్న పిల్లల ఒంట్లోకి ఒకే గాలి, ఒకే నీరు, ఒకే తిండి పోవడం లేదని మాత్రం అనరు.

అయితే యిందులో ఒక ప్రమాదం వుంది, ముందే చెప్పాలి. యీ శాస్త్రాన్ని పట్టుకుని ‘పేట పిల్లల మెదడు చెడిపోయింది’ అని కొత్త ముద్ర వేయడానికి ఎవరన్నా చూస్తే మేం ఒప్పుకోం. యీ అధ్యయనాలు చెప్పేది వందలమంది పిల్లల సగటు గురించి. సగటున కొన్ని మార్కులు తగ్గడం గురించి. ఏ ఒక్క పిల్లకీ చదువు రాదని ఏ రక్తపరీక్షా చెప్పదు. వేల ఏళ్లు అక్షరం ముట్టనీకపోయినా మన పిల్లలు చదివారు. నష్టం వుందని చెప్పడం పిల్లల మీద తీర్పు కాదు, ఆ నష్టం చేసిన ఏర్పాటు మీద తీర్పు.

4. పిల్లల ఒళ్లంటే చిన్న సైజు పెద్దోళ్ల ఒళ్లు కాదు

లోహం పిల్లల్ని ఎక్కువ దెబ్బ తియ్యడానికి కారణాలు తేలిగ్గానే చెప్పుకోవచ్చు. పిల్లలు నేలకి దగ్గరగా వుంటారు, గుండ కూడా నేలమీదే వుంటుంది. చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. కడుపులోకి పోయిన సీసంలో పెద్దోళ్ల ఒళ్లు పట్టుకునేదానికి నాలుగైదు రెట్లు పిల్లల ఒళ్లు పట్టుకుంటుంది. సీసం ఎముకల్లో చేరి ఏళ్లతరబడి వుండిపోతుంది. తల్లి కడుపుతో వున్నప్పుడు ఆ ఎముకల్లోంచి కదిలి బిడ్డకి చేరుతుంది. అమ్మ చిన్నప్పుడు ఆడుకున్న మట్టి, పుట్టబోయే బిడ్డ దాకా వస్తుంది.

మాంగనీసు సీసం లాంటిది కాదు. అది కొంచెం ఒంటికి కావాలి, తిండిలోంచే దొరుకుతుంది. తిండితో వచ్చినదాంట్లో ఎక్కువైనదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపేస్తుంది. కానీ ఊపిరితో పోయిన మాంగనీసు ముందు కాలేయం దగ్గరికి పోదు. ఊపిరితిత్తుల్లోంచి నేరుగా రక్తంలోకి, అక్కడ్నించి మెదడులోకి పోతుంది. చంటిపిల్లల్లో బయటికి పంపే ఆ పని యింకా కుదురుకోదు. అంచేత అదే గాలి పెద్దవాడికి ఒకటి, నెలల బిడ్డకి ఇంకొకటి.

అన్నిటికంటే ముఖ్యమైంది రక్తహీనత. యినుము, సీసం, మాంగనీసు మూడూ పేగుల్లో చాలావరకు ఒకే దారిలో ఒంట్లోకి ఎక్కుతాయి. ఒంట్లో యినుము తక్కువైతే ఆ దారి వెడల్పవుతుంది. యినుము కోసం తెరిచిన తలుపులోంచి విషం కూడా దూరుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత వుంది. అంటే తిండి చాలని పిల్లకీ, తిండి చాలిన పిల్లకీ ఒకే గుండ ఒకే విషం కాదు. ఎవరి గిన్నెలో ఏముండాలో కులం నిర్ణయించిన దేశంలో, ఎవరి ఒంట్లోకి ఎంత లోహం ఎక్కాలో కూడా కులమే కొంత నిర్ణయిస్తుంది. యిది మేం నినాదంగా అనడం లేదు. పేగు పనిచేసే తీరు అది.

5. గరివిడి లాంటి ఊళ్లు ప్రపంచంలో ఉన్నాయి

గరివిడిలాగే మాంగనీసు తవ్వే ఊళ్లు, ఫెర్రో మాంగనీసు కరిగించే ఊళ్లు చాలా వున్నాయి. గత ఇరవై ఏళ్లలో అలాంటి కొన్ని ఊళ్లలో పరిశోధకులు గేటు లోపలున్న కూలీని కాదు, గేటు బయటున్న బడిపిల్లని పరీక్షించారు.

మెక్సికోలో మొలాంగో మాంగనీసు గనుల ప్రాంతంలో 7 నుంచి 11 ఏళ్ల పిల్లల తలవెంట్రుకల్లో మాంగనీసు కొలిచి, గనుల్లేని ఊరి పిల్లలతో పోల్చారు. 2010లో ఫలితాలొచ్చాయి. వెంట్రుకల్లో మాంగనీసు ఎక్కువున్న పిల్లలకి, ముఖ్యంగా మాటలకి సంబంధించిన తెలివి పరీక్షలో, మార్కులు తక్కువొచ్చాయి. బ్రెజిల్లో సిమోయెస్ ఫిల్యో అనే చోట ఫెర్రో మాంగనీసు కార్ఖానా పక్క ఊరి పిల్లల మీద 2011లో వచ్చిన అధ్యయనం కూడా అదే చెప్పింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం మారియెట్టాలో 400 మంది పైగా పిల్లల్ని చూశారు. అక్కడ మాంగనీసు మరీ ఎక్కువున్నా, మరీ తక్కువున్నా మార్కులు తగ్గాయని 2015లో రాశారు.

మనకి ఎక్కువ పనికొచ్చేది యిటలీ కథ. అక్కడ వాల్కమోనికా లోయలో ఫెర్రో అల్లాయ్ కార్ఖానాలు దాదాపు వందేళ్లు నడిచి 2001లో మూతపడ్డాయి. మూతపడిన ఏళ్ల తరవాత 11–14 ఏళ్ల పిల్లల్ని పరీక్షించారు. మట్టిలో మాంగనీసు ఎక్కువున్నచోట పిల్లల చేతుల వణుకులో, వాసన పట్టడంలో తేడాలు కనిపించాయి. ఫర్నేసు ఆరిపోయినా మట్టి ఆరలేదు. అదే పిల్లల్లో తెలివి పరీక్ష మార్కులు తగ్గడం మాత్రం మాంగనీసుతో కాదు, సీసంతో కలిసి కనిపించింది. అదీ చాలా తక్కువ సీసంతో. మెక్సికో నగరంలో పసిపిల్లల మీద జరిగిన ఇంకో అధ్యయనం, ఒంట్లో మాంగనీసు ఎక్కువున్న పిల్లల్లో సీసం చేసే చెడుపు పెరుగుతుందని చెప్పింది.

యివన్నీ ఒక్క మాట చెప్పడం లేదు. ఒకచోట తెలివి, ఒకచోట వణుకు, ఒకచోట సీసం. శాస్త్రం అలాగే నడుస్తుంది. కానీ ఒక్క విషయంలో అన్నీ ఏకమయ్యాయి: పిల్లల్ని కొలవాలి. ఆ దేశాల్లో పిల్లల వెంట్రుకలు, పళ్లు, రక్తం సాక్ష్యంగా నిలిచాయి. 1892 నుంచి మాంగనీసు తవ్విన నేలకి ఆ సాక్ష్యం అడిగే హక్కు అందరికంటే ముందుంది.

6. రోడ్డు మీద సీసం, తుక్కు కొట్టులో సీసం

గరివిడి పిల్లకి మాంగనీసు ఒక్కటే ఎదురు కాదు. పాత బ్యాటరీ, పాత టీవీ, సర్క్యూటు బోర్డు యివాళ ప్రతి ఊరి తుక్కు కొట్టులోనూ వున్నాయి. పాత టీవీ గాజు గొట్టంలో కిలోల్లో సీసం వుండేది. బోర్డు మీద అతుకులు సీసం, తగరం కలిపినవి. వాటిని మంటలో పెట్టి రాగి తీస్తే సీసం పొగలోనూ బూడిదలోనూ మిగులుతుంది.

దీని చరిత్రలో మన హైదరాబాదు కూడా వుంది. 1999లో జార్జ్ ఫౌండేషన్ ఏడు నగరాల్లో 22 వేల మందికి పైగా రక్తం పరీక్షించింది. హైదరాబాదు వాటిలో ఒకటి. 12 ఏళ్ల లోపు పిల్లల్లో సగం మందికి పైగా డెసీలీటరు రక్తంలో 10 మైక్రోగ్రాములకి మించి సీసం తేలింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది. పెద్ద విజయం అది. కానీ ఎందుకు వీలైంది? పెట్రోలు పొగ కారులో కూచున్న పిల్లాడి ముక్కులోకీ పోతుంది. రోడ్డు మీద సీసం అందరిదీ. తుక్కు కొట్టులో సీసం కొందరిదే.

అది ఎవరిదో చైనాలో గుయ్‌యు పట్నం చూపించింది. దేశదేశాల కంప్యూటర్ చెత్త అక్కడికి చేరేది. 2007లో అచ్చయిన అధ్యయనంలో అక్కడి ఆరేళ్ల లోపు పిల్లల రక్తంలో సగటు సీసం 15.3 మైక్రోగ్రాములు, పక్క పట్నంలో 9.94. గుయ్‌యు పిల్లల్లో నూటికి 82 మంది 10 దాటారు. ఆ 10 అన్నది కూడా యివాళ లెక్కకి చాలా ఎక్కువ. అమెరికాలో అధికారులు పిల్లల విషయంలో పట్టించుకోవాల్సిన మట్టాన్ని 1991లో 10కి, 2012లో 5కి, 2021లో 3.5కి దించుకుంటూ వచ్చారు. సీసానికి సురక్షితమైన మట్టం అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి వేసిన నివేదిక ప్రపంచంలో 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం 5 దాటిందని అంచనా వేసింది. వాళ్లలో 27 కోట్ల మందికి పైగా మన దేశం పిల్లలే.

మన దేశంలో ఎలక్ట్రానిక్ చెత్త నిబంధనలు 2011లో వచ్చాయి, 2016లో మారాయి, 2022లో మళ్లీ మారాయి. వాటిలో ఉత్పత్తిదారుడి బాధ్యత, రిజిస్టరైన రీసైక్లరు బాధ్యత వివరంగా వున్నాయి. సైకిలు మీద వీధివీధి తిరిగి తుక్కు కొనే మనిషి యిల్లు, ఆ యింటి వెనక బోర్డులు కాలిన చోటు, అక్కడాడే పిల్లలు వాటి మధ్యలో లేరు. గనుల చట్టంలో మస్టరు రోలు ఎలాంటి గోడో, యిక్కడ రిజిస్ట్రేషను అలాంటి గోడ. చెత్త ఎవరు ఎత్తాలో మనుస్మృతి రోజుల్నించీ నిర్ణయమై వున్న సమాజంలో, కొత్త చెత్త వచ్చినా అది పాత చేతుల్లోకే పోతుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఒక్కసారిగా మూర్ఛలొచ్చి వీధుల్లో పడిపోయారు. అప్పుడు రక్తపరీక్షలు ఢిల్లీ ఎయిమ్స్ దాకా వెళ్లాయి. సీసం, నికెల్ వున్నాయన్నారు. తరవాత నిపుణులు పురుగుమందుల వైపు వేలు చూపించారు. కారణం మీద వాదం అలా వుంచండి. మేం గమనించింది ఇంకొకటి. వీధిలో పడిపోతే రక్తం తీస్తారు. నిదానంగా, ఏడాదికింత చొప్పున, పడిపోకుండా తరిగిపోయే పిల్లకి రక్తం ఎవరు తీస్తారు?

7. మనం చెయ్యాల్సింది

డబ్బు లేదనడానికి వీల్లేదు. 2015లో సవరించిన గనుల, ఖనిజాల చట్టం ప్రతి గనుల జిల్లాలోనూ జిల్లా ఖనిజ ఫౌండేషన్ వుండాలంది. గని నడిపేవాళ్లు కట్టిన డబ్బు గని వల్ల నష్టపోయినోళ్ల మీద ఖర్చుపెట్టాలి. తాగునీరు, ఆరోగ్యం మొదటి వరసలో వుంటాయి. సీసీ రోడ్లకీ ప్రహరీ గోడలకీ పోయే ఆ డబ్బులో కొంత గరివిడి, చీపురుపల్లి, మెరకముడిదాం మండలాల బడి, అంగన్‌వాడీ పిల్లల రక్తంలో సీసం, వెంట్రుకల్లో మాంగనీసు కొలవడానికి పెట్టమని గ్రామసభల్లో తీర్మానం చెయ్యాలి. బోరునీళ్లలో మాంగనీసు కొలవాలి. మన తాగునీటి ప్రమాణం లీటరుకి 0.1 మిల్లీగ్రాము అంటుంది, వేరే నీరు లేకపోతే 0.3 దాకా వొప్పుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 0.08 అంది. ఫలితాల్ని పేట వారీగా బయటపెట్టాలి, పిల్లల పేర్లు మాత్రం బయటపెట్టకూడదు. లెక్కతో పాటు యినుము మాత్ర, గుడ్డు, కూర కూడా పిల్లకి చేరాలి. కొలిచి వదిలెయ్యడం పిల్లల్ని రెండోసారి వాడుకోవడమే.

యిది ప్రభుత్వం పని. చరిత్ర పని మనది. దానికి గ్రాంటు అక్కర్లేదు, నోటు పుస్తకం చాలు. విద్యార్థులు తమ పేటలో ముసలమ్మల దగ్గర కూచోవాలి. ఏ గనికి వెళ్లారు, ఏ మేస్త్రీ కింద, కూలెంత, యింటికొచ్చి స్నానానికి నీళ్లుండేవా, తాత చేతులు ఎప్పట్నించి వణికాయి, అప్పుడు డాక్టరు ఏం చెప్పాడు – యివి అడగాలి. కులం అడగాలి, సిగ్గుపడకుండా రాయాలి. కోడూరైటు గురించి రాసిన వెయ్యి పేజీల పక్కన యీ పేజీలు వుండాలి.

అన్నిటికంటే ముందు ఒక్క ప్రశ్న అడగండి. నూట ముప్పై ఏళ్ల నివేదికల్లో, షెడ్యూళ్లలో, నిబంధనల్లో ఎవరూ యీ ప్రశ్న అడగలేదు. అడిగుంటే పట్టికలో ఆ గడి మాయమయ్యేది కాదు.

‘అమ్మా, నువ్వు తట్ట మోసినప్పుడు బిడ్డని ఎక్కడ పడుకోబెట్టేదానివి?’